కూపర్ కేసుకు శాలిబండలో వాయిదా

హైదరాబాద్ శాలిబండలో ఒక మామ, ఒక అల్లుడు. మామ నాంపల్లి క్రిమినల్ కోర్టులో ప్రాపర్టీ గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కత్తులు, కర్రలు, నెత్తురంటిన చొక్కాలు, దొంగ బంగారం, ఏదొచ్చినా చీటీ కట్టి, నంబరేసి, అడిగిన రోజున జడ్జిగారి ముందు పెట్టే ఉద్యోగం. అల్లుడు ఒక మందుల కంపెనీ ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చుంటాడు. పగలు మందుబిళ్లల్లో మలినాలు వెతుకుతాడు. రాత్రయితే డి.బి. కూపర్‌ను వెతుకుతాడు. 1971లో అమెరికాలో విమానం హైజాక్ చేసి, రెండు లక్షల డాలర్లతో ఆకాశంలోంచి దూకి మాయమైన మనిషి ఆ కూపర్. అక్కడ యాభై ఏళ్లకు పైగా ఇంజనీర్లు, పైలట్లు, రిటైరైన పోలీసులు, ఏ పనీ లేనివాళ్లు కూడా సొంత ఖర్చుతో ఇదే కేసు తవ్వుతున్నారు. వాళ్లందరినీ కలిపి మామ ‘బేకార్ వకీళ్లు’ అంటాడు. ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరి మధ్య కూర్చుని విన్న వాదం ఇది. పేర్లు రాయొద్దన్నారు. ఎందుకన్నారో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

అల్లుడు: ముందు కథ మొత్తం జెప్పనియ్యి మామా, తర్వాత తిట్టు. 1971 నవంబర్ 24. పోర్ట్‌లాండ్ ఎయిర్‌పోర్టుల ఒకాయన డాన్ కూపర్ అని పేరు జెప్పి, ఇరవై డాలర్లు నగదిచ్చి సియాటెల్‌కు టికెట్ కొన్నడు. సూటు, నల్ల టై, చూస్తే నలభై దాటినోడు. నార్త్‌వెస్ట్ ఓరియంట్ కంపెనీ 305 నంబర్ ఫ్లైటు, బోయింగ్ 727. ఎనక సీట్ల కూసున్నడు, మందు తెప్పిచ్చుకున్నడు, సిగరెట్ ముట్టిచ్చిండు, ఎయిర్ హోస్టెస్ చేతుల ఒక చీటీ పెట్టిండు. ఆమె చూడకుండనే సంచిల ఏసుకున్నది. ఫోన్ నంబర్ రాసిచ్చే మొగోళ్లు రోజూ తగులుతరు గదా, గట్లనే అనుకున్నది. అప్పుడు వంగి, చీటీ చదువు, నా దగ్గర బాంబున్నదని జెప్పిండు.

మామ: బాంబు అసలుదా, ఉత్తదా?

అల్లుడు: పెట్టె తెరిచి చూపిచ్చిండు. ఎర్ర గొట్టాలు, వైర్లు, బ్యాటరీ. అసలుదో ఉత్తదో తెల్వది, పెట్టె ఆయనతోనే పోయింది. రెండు లక్షల డాలర్లు, నాలుగు పారాషూట్లు కావాలన్నడు. సియాటెల్‌ల అవి చేతికొచ్చినంక 36 మంది ప్రయాణికులను దింపేసి, విమానం మల్ల లేపిచ్చి మెక్సికో దిక్కు పొమ్మన్నడు. పదివేల అడుగులు దాటొద్దు, చక్రాలు కిందికే ఉండాలె, ఫ్లాపులు 15 డిగ్రీలు దించాలె అని లెక్కలు జెప్పిండు. 727కు తోక కింద మెట్లుంటయి. రాత్రి ఎనిమిది దాటినంక ఆ మెట్లు దించుకుని, వానల, చీకట్ల దూకిండు. ఇప్పటిదాక మనిషి లేడు, శవం లేదు, దూకిన పారాషూట్ లేదు.

మామ: మరి డి.బి. యాడికెళ్లి వచ్చింది? టికెట్ మీద డాన్ అంటివి.

అల్లుడు: అది పత్రికలోళ్ల పొరపాటు. పోలీసులు ఆ రాత్రే డి.బి. కూపర్ అనే ఒకాయనను విచారించి, సంబంధం లేదని ఇడిసిపెట్టిండ్రు. ఆ పేరు పేపర్ల పడ్డది, గదే నిలబడ్డది.

మామ: చూసినవా. ఏ పాపం తెల్వనోని పేరు దొంగ పేరైంది. నీ కేసు మొదటి రోజే తప్పు పేరుతోని మొదలైంది బేటా.

అల్లుడు: పేర్ల సంగతి తర్వాత. నేను వస్తువుల గురించి మాట్లాడుతున్న. దూకేముందు ఆయన టై ఇప్పి సీట్ల ఇడిసిపెట్టిండు. ముడేసే టై కాదు, క్లిప్పుతోని కాలర్‌కు తగిలిచ్చేది. జేసీపెన్నీ అనే పెద్ద దుకాణం సరుకు. విమానం రీనోల దిగినంక ఎఫ్‌బీఐ వాళ్లు సోదా చేస్తే దొరికింది.

మామ: పంచనామా ఉన్నదా? సీలేసిండ్రా? ఎవరి కస్టడీల ఉన్నది?

ఇక్కడ మామ లేచి లోపలికి వెళ్లి ఒక పాత గుడ్డ ముక్క తెచ్చాడు. మాటలతో చెబితే అల్లుడికి ఎక్కదని, చేసి చూపించాడు. ముందు వస్తువును తెల్లగుడ్డలో చుట్టాలి. పురికొసతో అటూ ఇటూ కట్టాలి. ముడి మీద లక్క కరిగించి ముద్ర కొట్టాలి. ఇద్దరు పంచుల సంతకాలున్న చీటీని గుడ్డకే అంటించాలి. ఆ తర్వాత ఫారం 95 తోడు పెట్టి కోర్టుకు పంపితే, గుమాస్తా రిజిస్టర్లో ఎక్కించుకుంటాడు, విచారణలో వాటికి ఎం.వో. (మెటీరియల్ ఆబ్జెక్ట్) 1, ఎం.వో. 2 అని నంబర్లు పడతాయి. లక్క పగిలి కనిపించిందంటే ముద్దాయి తరపు వకీలు ఆ రోజు ఇంకేమీ వాదించనక్కర్లేదు. అల్లుడు చేతులు కట్టుకుని అంతా చూశాడు.

అల్లుడు: బాగుంది మామా. ఇంత లక్క కొట్టినంక సుత నీ పంచులు బోనెక్కి, మాకేం తెల్వది, తెల్లకాయితం మీద సంతకం తీసుకున్నరు అంటరు గదా. నీ సర్వీసుల ఎన్ని కేసులు గట్ల కొట్టేసిండ్రు?

మామ: మస్తు కొట్టేసిండ్రు. పంచు అబద్ధమాడిండని సీలు తప్పయితదా?

అల్లుడు: సీలు లేదని టై తప్పయితదా మరి? విను. కేసు మూలకు పడ్డనాడు ఒక ఎఫ్‌బీఐ ఏజెంటు ధైర్యం చేసి బయటోళ్లను పిలిచిండు. టామ్ కే అని, డైనోసార్ల ఎముకల మీద పరిశోధన చేసేటాయన. ఇంకో ఇద్దరు ముగ్గురితోని కలిసి జట్టు కట్టిండు. పైసా జీతం లేదు. టై మీద అంటుండే బిళ్లలు అద్ది, దుమ్ము ఎత్తి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టిండు. నేను రోజూ చేసే పనే ఇది. రేణువు మీద ఎలక్ట్రాన్లు పడంగనే తెర మీద గీత లేస్తది. టైటానియం ఐతే నాలుగున్నర కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కాడ నిటారుగ లేస్తది. ఆ టై మీద లక్షకు పైగ రేణువులున్నయి. అందుల ఏ లోహంతోనీ కలవని టైటానియం ఉన్నది. బిస్మత్ ఉన్నది, ఆంటిమొనీ ఉన్నది, సీరియం ఉన్నది. 1971ల శుద్ధ టైటానియం ఆఫీసు గుమాస్తా టై మీద పడే దుమ్ము కాదు. విమానాలు, రసాయనాల ఫ్యాక్టరీల కాడనే దొరికేది. టై కట్టుకుని ఫ్యాక్టరీల తిరిగేది ఎవరు? ఇంజనీరో, మేనేజరో. బోయింగ్ కంపెనీ సియాటెల్‌లనే ఉన్నది. ధ్వనికంటే వేగంగ పోయే విమానం కడతమని సర్కారు పైసలతోని మొదలుపెట్టిండ్రు, 1971ల ఆ పైసలు బందైనయి, వేలమంది ఇంటికి పోయిండ్రు. అర్థమైతున్నదా?

మామ: అర్థమైంది. వేలమందిని బోనుల నిలబెట్టుమంటున్నవు.

అల్లుడు: కోట్లమంది ఉన్న కాడ వేలమందిని జేసిన. తక్కువ పనా?

మామ: టై ఆయనదే అని ఎవరు జెప్పిండ్రు? మన జుమేరాత్ బజార్ల గురువారం పొద్దుగాల పో. సూట్లు, కోట్లు, టైలు కుప్పలు పోసి అమ్ముతరు. ఏ దొర తొడిగిండో, ఏ పెండ్లికొడుకు తొడిగిండో ఎవనికి ఎరుక? అమెరికాల సుత పాత బట్టల దుకాణాలుంటయి గదా. దొంగతనానికి పోయేటోడు సొంత టై కట్టుకపోతడా, కొన్నది కట్టుకపోతడా? ముప్ఫై ఏండ్లకు పైగ ఆ టై ఎఫ్‌బీఐ ఆఫీసుల ఉన్నది. ఎంతమంది పట్టుకున్నరో, ఏ టేబుల్ మీద పెట్టిండ్రో.

అల్లుడు: టేబుల్ మీది దుమ్ములకెళ్లి శుద్ధ టైటానియం రాదు మామా.

ఇది మంచి జవాబు. మామ కూడా వెంటనే ఏమీ అనలేదు. బట్టల మాట వచ్చింది కదా అని, మామ ఇంటికి కొద్ది దూరంలోనే ఉన్న పురానీ హవేలీని నేను గుర్తుచేశాను. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా ఇంకా అక్కడే ఉంది. ఒక పెద్ద హాలు పొడవునా, రెండంతస్తుల్లో కట్టిన చెక్క బీరువా అది. తొడిగిన బట్ట మళ్లీ తొడిగేవాడు కాదని ఆయన గురించి చెప్పుకుంటారు. ఒక్క టై మీద లక్ష రేణువులు లెక్కపెట్టే వాళ్లకు ఆ బీరువా అప్పగిస్తే ఏమవుతారో! మామకు మాత్రం పురానీ హవేలీ అనగానే వేరే కేసు గుర్తొచ్చింది.

మామ: 2018 సెప్టెంబర్ యాదికున్నదా? పురానీ హవేలీల ఉన్న నిజాం మ్యూజియంల దొంగతనం. వెంటిలేటర్ జాలి తీసి, తాడు పట్టుకుని లోపలికి దిగి, వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకపోయిండ్రు. ఇంటి దొంగల పనే అని మన గల్లీల ఎంతమంది అన్నరు! విదేశాల గ్యాంగు అని నువ్వు సుత అన్నవు. పోలీసులు కెమెరాలు చూసిండ్రు. చార్మినార్ కాడ బండి మీద ఇద్దరు పోతున్నరు, ఒకడు ఫోన్‌ల మాట్లాడుతున్నడు. పోలీసులు ఆ చుట్టుపక్కల టవర్లన్నీ జల్లెడ పట్టిండ్రు. తీరా చూస్తే ఆ ఫోన్ల సిమ్మే లేదు.

అల్లుడు: మాట్లాడినట్టు నటించిండు.

మామ: ఆఁ, నటించిండు! మనం సబూత్ అనుకున్నదాన్ని దొంగనే తయారుచేసి ఇడిసిపోయిండు. ఇప్పుడు జెప్పు. ఎయిర్ హోస్టెస్‌కిచ్చిన చీటీని మల్ల అడిగి తీసుకున్నంత హుషారు మనిషి నీ కూపర్. గంత హుషారు మనిషి టైని మర్చిపోయిండా, కావాలని ఇడిసిపెట్టిండా?

అల్లుడు: గంటకు మూడు వందల కిలోమీటర్ల గాలిల దూకేటోడు మెడకు టై పెట్టుకుంటడా? అడ్డమైతది, తీసేసిండు. దుమ్ముల మనిషి చరిత్ర ఉంటదని 1971ల ఎవడు ఊహిస్తడు? సిగరెట్ పీకలు సుత ఇడిసిపోయిండు గదా, ఎనిమిది. ర్యాలీ బ్రాండు. ఎంగిలి ఉన్న పీకలు మామా! వాటిమీద డీఎన్‌ఏ తీసి ఉంటే ఈ లొల్లే లేకుంటుండె.

మామ: తియ్యలేదా?

అల్లుడు: యాడ తీస్తరు? పోగొట్టుకున్నరు. ఎఫ్‌బీఐ కస్టడీలనే మాయమైనయి. నీ లక్క, నీ సీలు, నీ రిజిస్టరు అన్నీ ఉన్నోళ్ల దగ్గర పోయినయి. పోగొట్టింది సర్కారు, దొరికిచ్చింది మామూలు జనం. 1978ల అడవిల వేటకు పోయినోనికి ఒక అట్ట దొరికింది. 727 ఎనక మెట్లు ఎట్ల దించాల్నో రాసిన అట్ట. 1980ల పైసలు దొరికినయి, ఎనిమిదేండ్ల పిల్లగానికి. విమానం బయట దొరికినయన్నీ బయటోళ్లకే దొరికినయి.

మామ చాలాసేపు మాట్లాడలేదు. కస్టడీలో వస్తువు పోవడమంటే ఆయన ఉద్యోగ జీవితంలో దానికి మించిన నేరం లేదు. చివరికి ‘సస్పెండ్ చేసిండ్రా ఎవర్నన్న?’ అని మాత్రం అడిగాడు. అల్లుడు నవ్వి డబ్బు కథలోకి వెళ్లాడు. నా వరకు ఈ మొత్తం కేసులో అన్నిటికన్నా గొప్ప భాగం ఇదే. ఇక్కడ దొంగ ఎవరన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, డబ్బు ఏ దారిన వచ్చిందన్న ప్రశ్న వేశారు.

అల్లుడు: ఇచ్చినయి మొత్తం ఇరవై డాలర్ల నోట్లు, పదివేలు. ప్రతి నోటు నంబరు ముందే ఫోటో తీసి పెట్టుకున్నరు. 1980 ఫిబ్రవరిల కొలంబియా నది ఒడ్డున టీనా బార్ అనే ఇసుక దిబ్బ మీద ఆ పిల్లగాడు మంట కోసం ఇసుక చదును చేస్తుంటే మూడు కట్టలు బయటపడ్డయి. 5,800 డాలర్లు. అంచులు కరిగి గుండ్రమైనయి గని నంబర్లు కనపడుతున్నయి. రబ్బరు బ్యాండ్లు ఇంకా ఉన్నయి, ముట్టంగనే పొడి అయినయి.

మామ: అయితే దూకినంక నదిల పడి సచ్చిండు. పైసలు కొట్టుకొచ్చినయి. అయిపాయె.

అల్లుడు: అందరూ గట్లనే అనుకున్నరు. గని దూకిండు అనుకున్న జాగ ఏరియల్ అనే ఊరు దగ్గర, లూయిస్ నది దిక్కు. లూయిస్ నది కొలంబియాల కలిసేది టీనా బార్‌కు దిగువన. ఇప్పుడు జెప్పు మామా, పురానాపూల్ కాడ మూసీల పడ్డ చెప్పు ఎదురెక్కి లంగర్ హౌజ్‌కు వస్తదా?

మామ: రాదు.

అల్లుడు: అందుకనే కొందరు, దూకిన జాగనే తప్పు, ఇంకా తూర్పుకు వాషూగల్ నది దిక్కు దూకిండు అన్నరు. ఇంకొందరు, 1974ల నది పూడిక తీసి ఆ ఒడ్డున పోసిండ్రు, ఆ ఇసుకతోని వచ్చినయి అన్నరు. ఒక భూగర్భ శాస్త్రవేత్త ఒడ్డు తవ్వి చూసి, నోట్లున్న పొర పూడిక మట్టికి పైన ఉన్నదన్నడు. అంటే 1974 తర్వాతనే వచ్చినయి. ఇగ రబ్బరు బ్యాండ్లు చూడు. నీళ్లల, ఎండల అన్ని ఏండ్లు అవి నిలబడయి. మట్టిల తొందరగ పూడి ఉండాలె. ఒక సబూత్ ఆలస్యంగ వచ్చినయి అంటది, ఇంకొకటి తొందరగ పూడినయి అంటది.

మామ: ఇద్దరు గవాయిలు, రెండు తీర్ల వాంగ్మూలం.

అల్లుడు: మూడో గవాయి వచ్చింది, 2020ల. నోట్లకు నది నాచు రేణువులు అంటుకున్నయి. డయాటమ్స్ అంటరు, గాజు గుల్లల లెక్క ఉంటయి, కంటికి కనపడయి. ఒక్కో రకం ఒక్కో కాలంల పెరుగుతది. కే జట్టు నోట్ల మీద ఏ రకాలున్నయో చూసిండ్రు. ఎండాకాలం మొదట్ల, మే, జూన్ నెలలల పెరిగే రకాలే కనపడ్డయి. చలికాలం రకాలు లేవు. కూపర్ దూకింది నవంబర్ చలిల. అంటే ఆ రాత్రి పైసలు నీళ్లల పడలేదు. నెలలు గడిచినంక పడ్డయి. నెలలపాటు యాడనో ఎండినజాగల ఉన్నయి. అక్కడికి ఎట్ల పోయినయి, నీళ్లలకు ఎట్ల వచ్చినయి? ఒక నాచు ఇంత జెప్పింది మామా. దీన్ని సుత బేకార్ పని అంటవా?

మామ: అనను. ఇది పని. జడ్జి ముందర పెట్టినా నిలబడేటట్టున్నది. ఎందుకంటే ఇందుల ఎవని పేరూ లేదు. ఆ నోట్లు ఇప్పుడు యాడున్నయి?

అల్లుడు: 1986ల కోర్టు, ఆ పిల్లగానికి సగం, బీమా కంపెనీకి సగం ఇచ్చింది. ఎఫ్‌బీఐ కొన్ని ఉంచుకున్నది. 2008ల ఆ పిల్లగాడు పెద్దోడై కొన్ని నోట్లు వేలానికి పెట్టిండు, ముప్ఫై వేల డాలర్లకు పైగ వచ్చినయి.

మామ: ముద్దాయి దొరకకముందే కేసు ప్రాపర్టీ వేలమేసిండ్రా! యా అల్లా!

శాలిబండలో పుట్టి పెరిగిన తెలుగువాడు గట్టిగా ఆశ్చర్యపోతే నోటివెంట వచ్చేది ఈ మాటే. కేసు ప్రాపర్టీ మీద మామ పది నిమిషాలు మాట్లాడాడు. ఆ భాగం రాయడం లేదు, అందులో ఎక్కువ భాగం నాంపల్లి గోదాముల గురించి.

మామ: నీ టై మంచిదే, నీ నాచు ఇంకా మంచిది. గని నువ్వు రాత్రిపూట చూసే వీడియోలల ఆ టై గురించి ఎంతమంది మాట్లాడుతున్నరు? వందల ఒకడు. మిగిలిన తొంభై తొమ్మిది మంది ఏం జేస్తున్నరు? కూపర్ మా నాయిననే అని ఒకరు, మా పక్కింటాయననే అని ఇంకొకరు. ముందు మనిషిని పట్టుకుంటరు, అటెన్క వానికి సరిపోయే సబూత్ ఏరుకుంటరు. అంగీ కుట్టినంక మనిషి కొలత తీసినట్టు.

అల్లుడు: మెకాయ్ సంగతి ఏమంటవు? రిచర్డ్ మెకాయ్. 1972 ఏప్రిల్ల, నాలుగున్నర నెలలకే, సేమ్ 727, సేమ్ ఎనక మెట్లు. ఐదు లక్షల డాలర్లు తీసుకుని యూటాల దూకిండు, బతికిండు. రెండు రోజులల పట్టుకున్నరు. జైలు నుంచి పారిపోయి 1974ల ఎఫ్‌బీఐ కాల్పులల సచ్చిండు. ఆయన పిల్లలే 2024ల మా నాయిననే కూపర్ అన్నరు.

మామ: మెకాయ్ వయసెంత?

అల్లుడు: ఇరవై తొమ్మిది.

మామ: కూపర్‌ను చూసినోళ్లు నడివయసోడు అన్నరు. చీటీ తీసుకున్నామె కాదు, గంటలకొద్ది పక్కన కూసున్న ఇంకో ఎయిర్ హోస్టెస్ పిల్ల ఏమన్నది?

అల్లుడు: మెకాయ్ ఆయన కాదన్నది.

మామ: కండ్లార చూసిన గవాయి కాదంటే, చూడనోడు ఔనంటడు. ఆ పిల్లకు అప్పుడు 22 ఏండ్లు అని నువ్వే జెప్పినవు ఒకసారి. బాంబు పక్కన కూసుని, ఆయనకు సిగరెట్ ముట్టిచ్చి, పైలట్లకు కబురు మోసి, అందరి పాణాలు కాపాడింది. అటెన్క ఏమైంది? నీ బేకార్ వకీళ్లు ఆమె ఇంటి చుట్టూ తిరిగిండ్రు. మాట్లాడను అంటే, ఏదో దాస్తున్నది అన్నరు. మఠంల చేరితే, భయపడి చేరింది అన్నరు. ఏండ్లకేండ్లు ఆమె నోరు ఇప్పలేదు. ఇంకొకాయనను బతికుండంగనే 2016ల టీవీల చూపిచ్చి నువ్వే కూపర్‌వి అన్నరు. ఆయన కాదన్నడు. ఎవడు వింటడు?

అల్లుడు: అందరినీ ఒక్క గాటకు కట్టకు మామా. కే జట్టు ఏ ఒక్కని పేరు పట్టుకుని పని మొదలుపెట్టలేదు. టై ఏం జెప్తదో గదే రాసిండ్రు.

మామ: నేను జెప్పేది సుత గదే గదా. వస్తువును పట్టుకున్నోడు ఎంతోకొంత చేసిండు. మనిషిని పట్టుకున్నోడు మనిషిని పాడుచేసిండు.

అల్లుడు: పేరు లేకుండ కేసు ఎట్ల ఖతమైతది?

మామ: పేరున్నంత మాత్రాన ఖతమైతదా? గంగ విమానం యాదికి తెచ్చుకో. అదే 1971, జనవరి 30. శ్రీనగర్ నుంచి జమ్మూ పోయే మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఫోకర్‌ను ఇద్దరు పిల్లగాండ్లు లాహోర్‌కు తీస్కపోయిండ్రు. చేతుల ఉత్త పిస్తోలు, ఉత్త గ్రనేడు. విమానం కాలవెట్టిండ్రు. దాన్ని సాకుగ చూపి మన సర్కారు పాకిస్తాన్ విమానాలను మన ఆకాశంల పోనియ్యలేదు, బంగ్లాదేశ్ యుద్ధంల అది వాళ్లకు మస్తు దెబ్బ అయింది. హైజాక్ చేసినోళ్ల పేర్లు, ముఖాలు, ఊర్లు అన్నీ తెలుసు. గని ఎవరు చేపిచ్చిండ్రో ఇప్పటికీ తెగలేదు. పాకిస్తాన్ కమిషన్ భారత్ గూఢచారుల పనే అన్నది. అందుల ఒకడు, నేను ఎవరి ఏజెంటును కాదని ఇప్పటికీ అంటున్నడు. పేరున్న కేసుకు ఆ గతి పట్టింది, పేరు లేని కేసుకు ఈ గతి పట్టింది.

అల్లుడు: ఐతే నన్నేం చెయ్యమంటవు? మూసెయ్యాల్నా?

మామ: నువ్వు మైక్రోస్కోపు ముందర కూసో. ఆ నోట్ల మీద ఇంకా ఏమున్నదో చూడనిమ్మని వాళ్లకు రాయి. కూపర్ విమానంల ఇడిసిపోయిన పారాషూట్లు ఉన్నయని ఒకసారి జెప్పినవు గదా, వాటి తాళ్లు చూడు. రాత్రిపూట ఆ వీడియోల కింద, కూపర్ ఫలానోడే అని రాసుడు మాత్రం బంద్ చెయ్యి. నువ్వు సుత రాసినవని నీ అక్క జెప్పింది నాకు.

అల్లుడు దీనికి జవాబివ్వలేదు, నవ్వాడు. నా తీర్పు అడిగితే, వాదంలో మామ గెలిచాడు గానీ కేసులో అల్లుడే గెలిచాడు. మామ పద్ధతిలోనే వెళ్లి ఉంటే 1980 నాటి మూడు కట్టలు సీలు వేసిన గుడ్డ మూటలో ఉండిపోయేవి, వాటి మీది నాచు ఎవరి కంటా పడేది కాదు. కానీ అల్లుడి తోటి ఔత్సాహికుల్లో ఎక్కువమందికి కావలసింది నాచు కాదు, పేరు. పేరు కన్నా వస్తువే ముఖ్యమన్న సంగతి విమానాలు కట్టేవాళ్లకు మొదట్లోనే అర్థమైంది. దొంగ పేరు తేలేదాకా ఆగకుండా, 727 తోక దగ్గర ఒక చిన్న రెక్క బిగించారు. విమానం ఎగురుతున్నప్పుడు గాలి తాకిడికి అది తిరిగి మెట్లకు అడ్డం పడుతుంది, నేల మీద స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. దాన్ని కూపర్ వేన్ అంటారు. 1973 జనవరి నుంచి అమెరికా విమానాశ్రయాల్లో ప్రయాణికులందరినీ సోదా చేయడం మొదలైంది. శంషాబాద్‌లో మనం బెల్టు విప్పి ట్రేలో పెట్టడం వెనక ఆ రోజుల హైజాకర్లందరి వాటా ఉంది.

2016 జూలైలో ఎఫ్‌బీఐ ఈ కేసు మీద పని ఆపేసింది. మూసేశామనలేదు. 45 ఏళ్లలో వచ్చిన సూచనలన్నీ చూశామనీ, ఇకమీదట ఎవరిదగ్గరైనా పారాషూట్లకు గానీ డబ్బుకు గానీ చెందిన వస్తువు ఉంటేనే తమ స్థానిక ఆఫీసుకు తెలపమనీ చెప్పింది. అనుమానితుల పేర్లు అడగలేదు. ఇది చదివి వినిపించినప్పుడు మామ, ‘ఎఫ్‌బీఐల సుత ఒక ప్రాపర్టీ గుమాస్తా ఉన్నట్టున్నడు’ అన్నాడు.

పదివేల నోట్లలో ఇప్పటిదాకా బయటపడ్డవి 290. మిగిలిన 9,710 నోట్ల నంబర్లు 1972 నుంచి అందరికీ తెలిసినవే. వాటిలో ఒక్కటి కూడా ఇంతవరకు ఎక్కడా మారకానికి వచ్చినట్టు తేలలేదు.